అక్కకి ఆరు షాట్లు

"పది," అంది అక్క.

గోల్ఫ్ క్లబ్బు వరండాలో బల్ల వెనక కూర్చున్న మాస్టారు కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, కంప్యూటర్ తెర వైపు ఒకసారి, ఎదురుగా నిలబడ్డ మనిషి వైపు ఒకసారి చూశారు. తెర మీద పదహారు అని ఉంది.

"పదహారమ్మా," అన్నారాయన మెల్లగా, తప్పు తనదేమో అన్నట్టు. "పొద్దున్నే చూశాను."

"తెర మీద ఏమైనా ఉండనివ్వండి మాస్టారూ. ఆదివారం ఫైనల్‌కి నా హ్యాండిక్యాప్ పది. అలాగే రాసుకోండి."

పక్కనే బూట్ల అడుగున అంటిన గడ్డి గీక్కుంటున్న చెల్లెలు తలెత్తింది. ఒక బూటు చేతిలో, ఒకటి కాలికి. అలాగే ఒంటికాలి మీద కుంటుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది.

"అదేమిటక్కా? నీది పదహారు కదా!"

"నీదెంత?"

"పది."

"నాదీ పదే. సమానంగా ఆడదాం. బాగానే ఉందిగా?" అంది అక్క. సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని, నిమ్మకు నీరెత్తినట్టు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ క్లబ్బులో ఆ అక్కచెల్లెళ్ళకి పేర్లతో పనిలేదు. ఒకరు పెద్దమ్మాయి, ఇంకొకరు చిన్నమ్మాయి. చిన్నమ్మాయికి నలభై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నాయి, మీసాలొచ్చిన కొడుకున్నాడు. అయినా సరే, అక్క ఉన్నంతకాలం ఆమె చిన్నమ్మాయే. అదొక బాధ. దాన్ని ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు.

"మాస్టారూ, ఇదెక్కడి చోద్యం? అలా నోటికొచ్చిన అంకె చెప్పొచ్చా?"

మాస్టారు ఒకప్పుడు రైల్వేలో సిగ్నళ్ళు చూసిన మనిషి. ఎర్రదీపం ఎర్రదీపమే, పచ్చదీపం పచ్చదీపమే ఆయనకి. "ఉన్నదానికంటే ఎక్కువ చెప్పుకుంటే మోసం, ఆటలోంచి తీసేస్తాం. తక్కువ చెప్పుకుంటే అడ్డు లేదమ్మా. చెప్పిందే ఖాయం, దాంతోనే ఆడాలి. అయినా నష్టం ఆవిడకే కదా, నీకేం పోయింది?"

తనకేం పోయిందో ఈ సిగ్నళ్ళాయనకి ఎలా చెప్పాలో చిన్నమ్మాయికి తెలియలేదు. చేతిలో బూటు గోడకేసి కొట్టింది. గడ్డీ మట్టీ రాలి మాస్టారి కాగితాల మీద పడ్డాయి.

ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు భర్తకి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. గోల్ఫ్ అంటే అంత పొడుగు కర్రతో ఇంత చిన్న బంతిని కొట్టి, తర్వాత దాన్ని వెతుక్కునే ఆట అని మాత్రమే ఆయనకి తెలుసు.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పు," అన్నాడు.

చిన్నమ్మాయి నీళ్ళ గ్లాసులు రెండూ పక్కపక్కన పెట్టింది. "హ్యాండిక్యాప్ అంటే మనిషి ఎంత ఆడగలదో చెప్పే అంకె. ఎంత తక్కువుంటే అంత బాగా ఆడుతుందని. నాది పది, దానిది పదహారు. తేడా ఎంత?"

"ఆరు."

"పద్దెనిమిది హోల్స్‌లో అన్నిటికంటే కష్టమైనవి ఆరు ఉంటాయి. ఆ ఆరింటిలోనూ దానికి ఒక్కో షాట్ తగ్గించి లెక్కపెట్టాలి. నేను బంతిని గుంటలో వెయ్యడానికి అయిదు దెబ్బలు కొట్టి, అది ఆరు కొట్టిందనుకోండి. దాని ఆరు అయిదవుతుంది. ఆ హోల్ సమానం. మా ఆటలో మొత్తం దెబ్బల లెక్క ఉండదు. ఏ హోల్‌కి ఆ హోల్ ఒక కుస్తీ. ఎవరు ఎక్కువ హోల్స్ గెలిస్తే వాళ్ళది కప్పు."

"బాగుంది. మరి ఆ ఆరూ ఆవిడ వద్దంటే నీకు సుఖమేగా!"

"ఇక్కడే అందరూ బోర్లా పడేది!" అంది చిన్నమ్మాయి గరిటె ఎత్తి. "నేను గెలిచాననుకోండి. ఏమంటుంది? 'నా చెయ్యి విరిగింది, పైగా షాట్లు కూడా తీసుకోలేదు, అందుకని గెలిచావ్' అంటుంది. నేను ఓడిపోయాననుకోండి. 'చెయ్యి విరిగినా సమానంగా ఆడి ఓడించాను' అంటుంది. ఎటు తిరిగినా గెలుపు దానిదే."

భర్త కాసేపు నమిలాడు. "అంటే మీ అక్క ఇవాళే గెలిచేసిందన్నమాట. మరి ఆదివారం వెళ్ళడం దేనికి?"

ఆమె గిన్నె మీద మూత ఠంగున పడేసింది. ఆయన పెరుగు వేసుకున్నాడు.

ఆయనకి చెప్పనిది ఇంకొకటుంది. చెబితే చిన్నపిల్ల కోపంలా ఉంటుందని చెప్పలేదు. అక్క చెయ్యి బాగున్న రోజుల్లో షాట్లు పుచ్చుకునేది తనే. ప్రతి ఆదివారం మొదటి హోల్ దగ్గర నిలబడి, "ఇవాళ నాకెన్ని అక్కా?" అని అడగాలి. అక్క నోటితో చెప్పేది కాదు. నలుగురూ చూస్తుండగా చేతులు పైకెత్తి వేళ్ళు చూపించేది. ఎనిమిది వేళ్ళు, ఏడు వేళ్ళు, ఒక ఏడాది తొమ్మిది. తను ఎప్పుడైనా గెలిస్తే, కరచాలనం కూడా పూర్తికాకముందే ఆ మాట వచ్చేది. "నేనిచ్చిన షాట్లతో గెలిచావ్." ఎంత బాగా ఆడినా అదే మాట. ఒకసారి చిన్నమ్మాయి ఇసుక గుంటలోంచి కొట్టిన బంతి నేరుగా గుంటలో పడింది. చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది. కొట్టి, అదే మాట అంది.

అక్క ఒప్పుకునే గెలుపు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కావాలి చిన్నమ్మాయికి. వరండా గోడ మీద, కప్పు గెలిచినవాళ్ళ పేర్లు రాసే చెక్క పలకలో అక్క పేరు బంగారు రంగులో వరసగా ఉంటుంది. దాని కింద తన పేరు లేకపోయినా ఫరవాలేదు. 'నువ్వు గెలిచావే' అని, వెనకాల ఇంకే తోకా తగిలించకుండా అక్క అనాలి. ఈ ఏడు దానికి దారి దొరికిందనుకుంది. ఎవరి షాట్లు వాళ్ళు తీసుకుని, న్యాయంగా ఆడి గెలిస్తే ఇంక మాటెక్కడుంది? సరిగ్గా ఆ దారికే అక్క అడ్డంగా పడుకుంది.

మర్నాడు ల్యాబ్‌లో పని సాగలేదు. చిన్నమ్మాయి పళ్ళ సెట్లు చేస్తుంది. ముందర ఎవరిదో ముసలాయన పైదవడ అచ్చు, కింది దవడ అచ్చు, రెంటినీ పట్టి ఉంచే ఇత్తడి చట్రం. పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య రంగు కాగితం పెట్టి దవడ ఆడిస్తే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం చుక్క పడుతుంది. ఆ చుక్కని గ్రైండర్‌తో కాస్త అరగదీయాలి. మళ్ళీ కాగితం, మళ్ళీ ఆడించడం, మళ్ళీ అరగదీయడం. ఓపిక పని. ఓపిక ఆరోజు ఆమె దగ్గర లేదు. 'సమానంగా ఆడదాం, బాగానే ఉందిగా' అన్న మాట చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. చుక్క పోయింది, చుక్కతో పాటు దంతం తలకాయ కూడా సగం పోయింది.

"ఆయనకి నమిలే పని లేదనుకున్నావా?" అంది పక్క బల్ల మీద మైనం కరిగిస్తున్నామె.

చిన్నమ్మాయి ఆ దంతాన్ని పీకి చెత్తబుట్టలో వేసి, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. భోజనం టైముకి అక్కావాళ్ళ బేకరీకి బయల్దేరింది.

బేకరీలో మధ్యాహ్నం రొట్టెలు అప్పుడే పొయ్యిలోంచి వస్తున్నాయి. బావ పొడుగాటి చెక్క తెడ్డుతో ఒక్కొక్కటీ లాగి రేకుల మీద పడేస్తున్నాడు. ముఖమంతా పిండి, కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. మరదల్ని చూసి తెడ్డుతోనే పలకరించాడు. అక్క అతని పక్కన నిలబడి బన్నుల ట్రే ఎత్తుతోంది.

రెండేళ్ళ కిందట ఇదే గదిలో నూనె మీద కాలు జారి అక్క కుడి మణికట్టు విరిగింది. లోపల రేకు వేసి స్క్రూలు బిగించారు. అప్పట్నుంచి పిండి పిసకడం బావ పనే. అక్క గల్లా దగ్గర కూర్చోవాలి. కూర్చోదు. ట్రేని ఎడమ చేత్తో పట్టి, కుడివైపు మోచేతి మీద ఆనించి ఎత్తుతుంది. చిన్నమ్మాయి చూస్తుండగానే ట్రే ఒక పక్కకి ఒరిగింది. నాలుగైదు బన్నులు జారి నేల మీద దొర్లాయి. చిన్నమ్మాయి చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. బావ తెడ్డు ఆపి, కళ్ళతోనే వద్దన్నాడు. అక్క ట్రేని బల్ల మీద పెట్టి, కిందికి వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.

"ఏమే, ఈ టైములో వచ్చావ్? పళ్ళన్నీ అయిపోయాయా?"

"అక్కా, ఆదివారం నీ షాట్లు నువ్వు తీసుకో."

"అక్కర్లేదు."

"అక్కర్లేకపోవడమేమిటి? ఆ పదహారు నీకెవరో ముష్టి వేశారా? నువ్వు ఆడిన ఆటల్ని బట్టి వచ్చిన అంకె అది. నేను నీ దగ్గర తీసుకున్నప్పుడు ఇలాగే వద్దన్నానా?"

"నీ సంగతి వేరు. నువ్వప్పుడు నేర్చుకుంటున్నావు."

"ఇరవై ఏళ్ళు నేర్చుకున్నానా!"

కొనడానికి వచ్చిన ఒకామె గల్లా దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది. అక్క రొట్టెని కాగితంలో చుట్టబోయింది. కుడి చేతి వేళ్ళు మడత దగ్గర ఆగిపోయాయి. గడ్డంతో కాగితం నొక్కిపట్టి ఎడమ చేత్తో దారం కట్టింది. ఆ వచ్చినామె మర్యాదకి గోడ మీద గడియారం చూసింది.

"నేను ఆదివారం నీతో సమానంగా నిలబడతాను," అంది అక్క ఆమె వెళ్ళాక, గొంతు తగ్గించి. "నా చెయ్యి గురించి నువ్వు మాట్లాడకు. ఇంట్లో ఈయనా, ఆస్పత్రిలో వాళ్ళూ మాట్లాడుతున్నది చాలు."

"నీ చెయ్యి గురించి కాదక్కా నేను..."

"ఏ బన్ను కావాలి నీకు? తీసుకుని వెళ్ళు. పనుంది."

మొండిఘటం. పట్టిన పట్టు విడవదు. చిన్నప్పుడు జడ వేసుకునేటప్పుడూ అంతే, అమ్మ పోయిన రోజున ఏడవకుండా వచ్చినవాళ్ళందరికీ టీ పోసినప్పుడూ అంతే. బావ వీధిలోకి వచ్చి సాగనంపాడు.

"సీసా మూత రాకపోతే నన్ను అడగదు, తెలుసా?" అన్నాడు. "పళ్ళతో తీస్తుంది. ఎన్నిసార్లు చూశానో."

"ఊడితే నా దగ్గరికే రావాలి, చెప్పండి," అంది చిన్నమ్మాయి. నవ్వు మాత్రం ఇద్దరికీ రాలేదు.

ఆదివారం పొద్దున గడ్డి ఇంకా తడిగా ఉంది. ఆ కోర్సు ఊరి నీళ్ళ ట్యాంకుల వెనక, ఒకప్పుడు చెత్త పోసిన దిబ్బల మీద మట్టి కప్పి వేసింది. గొప్పవాళ్ళు ఎవరూ అక్కడికి రారు. బస్సు డ్రైవర్లు, నర్సులు, కొట్ల వాళ్ళు ఆడతారు. సంచీలు ఎవరివి వాళ్ళే మోసుకుంటారు. ఫైనల్ కాబట్టి మాస్టారు తీర్పరిగా వెంట నడిచారు. రూల్స్ పుస్తకం చొక్కా జేబులో, గొడుగు చంకలో.

అక్క పొడుగు చేతుల చొక్కా వేసుకుంది, ఎండాకాలమైనా. ఎందుకో చిన్నమ్మాయికి తెలుసు. మణికట్టుకి కట్టిన పట్టీ కనబడకూడదు.

మొదటి హోల్ తేలికది. ఇద్దరి బంతులూ మూడేసి దెబ్బల్లో పచ్చిక నున్నగా కత్తిరించిన గ్రీన్ మీదికి చేరాయి. చిన్నమ్మాయి బంతి గుంటకి జానెడు దూరంలో ఆగింది. "తీసెయ్, ఇచ్చేశాను," అంది అక్క. ఇద్దరే ఎదురెదురుగా ఆడే ఆటలో అదొక మర్యాద. ఎదుటివాళ్ళు ఎలాగూ వేసేస్తారనిపించిన చివరి దెబ్బని కొట్టించకుండానే లెక్కలో వేసి ఇచ్చేస్తారు. తర్వాత అక్క కూడా తనది వేసింది. హోల్ సమానం.

రెండోది ఆ కష్టమైన ఆరింటిలో ఒకటి. దిబ్బ ఎక్కాలి, ఎదురుగాలి. అక్క కర్ర ఎత్తినప్పుడు చేతులు సగం దాకానే వెళ్ళాయి. బంతి తక్కువ ఎత్తులో పోయి గడ్డిలో పడింది. అక్కణ్ణుంచి ఇంకో మూడు కొడితే గానీ గ్రీన్ మీదికి రాలేదు, వచ్చినా గుంటకి ఒక గది పొడుగంత దూరంలో ఆగింది. చిన్నమ్మాయి అప్పటికే అయిదులో ముగించింది. అక్కకి నాలుగయ్యాయి. అక్కణ్ణుంచి ఎవరికైనా ఇంకో రెండు పడతాయి. ఆరు. హోల్ పోయినట్టే.

షాట్ తీసుకుని ఉంటే ఆ ఆరు అయిదయ్యేది కదా! హోల్ పోయేది కాదు కదా!

అక్క పట్టర్, గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర, తీసుకుని వంగింది. చిన్నమ్మాయికి ఏమైందో ఏమో, నోటి వెంట మాట వచ్చేసింది.

"తీసెయ్ అక్కా. ఇచ్చేశాను."

అక్క వంగినట్టే తల తిప్పి చూసింది. "ఏమిటీ?"

"ఆ దెబ్బ ఇచ్చేశాను. నీకూ అయిదే. సమానం."

"ఇంత దూరం నుంచా? నీకేమైనా మతిపోయిందా? నేను కొడతాను." అక్క కొట్టింది. బంతి గుంటని దాటి మూరెడు దూరం పోయింది.

మాస్టారు గొడుగు కొనతో నేల మీద పొడిచారు. "లెక్కలోకి రాదమ్మా. ఎదుటివాళ్ళు ఇచ్చాక ఇచ్చినట్టే. వద్దనడానికి లేదు, ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోవడానికీ లేదు. ఎంత దూరమైనా సరే."

"ఇదేం రూలండీ!"

"మీరు తక్కువ అంకె చెప్పుకోవడం ఎలాంటి రూలో ఇదీ అలాంటిదే," అన్నారు మాస్టారు, పుస్తకం తియ్యకుండానే.

చిన్నమ్మాయి జెండా గుంటలో నిలబెట్టి ముందుకు నడిచింది. అక్క వద్దన్న షాట్‌ని అక్క చేతిలోనే పెట్టింది, రూలు ప్రకారం! ఇంత సులువా? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుందే!

అయిదో హోల్ దగ్గర కూడా అలాగే ఇచ్చింది. ఈసారి అక్క ముఖం కందగడ్డలా అయింది.

"దానం చేస్తున్నావా నాకు?"

"దానం కాదు. నీదే నీకిస్తున్నాను."

"నలుగురిలో నన్ను అవిటిదాన్ని చేస్తున్నావు!"

"ఇక్కడ నలుగురెక్కడున్నారు? మాస్టారొక్కరే ఉన్నారు."

మాస్టారు నీళ్ళ ట్యాంకు వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

ఆరో హోల్‌లో అక్క పగ తీర్చుకుంది. చిన్నమ్మాయి బంతి గ్రీన్ ఈ చివర, గుంట ఆ చివర. ఆమె నడుం వంచిందో లేదో, "తీసెయ్, ఇచ్చేశాను," అంది అక్క పళ్ళు కొరుకుతూ. ఇది తేలిక హోల్, ఇక్కడ ఎవరికీ ఇవ్వాల్సింది లేదు. ఉత్త కసి. దాంతో ఆ హోల్ చిన్నమ్మాయి గెలిచేసింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను," అని గొణిగారు. "గెలవమని కొట్టుకునేవాళ్ళని చూశాను గానీ..."

అక్కకి కూడా తెలిసొచ్చింది కాబోలు, మళ్ళీ ఆ పని చెయ్యలేదు. కోపంతో మటుకు ఆట కుదురుకుంది. ఎత్తి కొట్టడం మానేసి, బంతిని నేల మీదే దొర్లిస్తూ, పొట్టి కర్రలతో చిన్న చిన్న దెబ్బలు కొట్టడం మొదలెట్టింది. చూడ్డానికి అందం లేదు, కానీ బంతి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళుతోంది. ఎనిమిదోది ఆ ఆరింటిలోదే, షాట్ తగ్గించి చూసినా చిన్నమ్మాయిదే. తొమ్మిదీ పదీ అక్కవి. పదకొండులో ఇద్దరూ అయిదులోనే ముగించేలా ఉన్నారు, అక్కకి షాట్ ఉంటే అది గెలిచిన హోల్. చిన్నమ్మాయి అక్కని చివరి దెబ్బ కొట్టనివ్వకుండా, "హోల్ మొత్తం ఇచ్చేశాను," అంది. అక్క ఇంక అరవలేదు. బంతి తీసి జేబులో వేసుకుని, చెల్లెలివైపు గుడ్లురిమి చూసి వెళ్ళిపోయింది. పద్నాలుగు కూడా ఆ ఆరింటిలోదే, కానీ అక్క తన దెబ్బలతోనే గెలిచింది. అక్కడ ఇవ్వడానికి ఏమీ లేకపోయింది.

ఈ లెక్కల గొడవలో చిన్నమ్మాయి తన ఆట తను చూసుకోలేకపోయింది. ఒక కన్ను తన బంతి మీద, ఒక కన్ను అక్క బంతి మీద. ఇదెక్కడి ఖర్మ! దీన్ని ఓడించాలనే వచ్చాను, దీనికే కాపలా కాస్తున్నాను! పదిహేనులో కొట్టిన బంతి చెట్ల మధ్య పోయినప్పుడు కర్ర నేలకేసి కొట్టింది, ఎలాగో ఆ హోల్ సమానం చేసుకుంది. పదహారులో మళ్ళీ గెలిచింది, పదిహేడులో ఇంకొకటి. పద్దెనిమిదో హోల్‌కి వచ్చేసరికి ఇద్దరూ సమానం.

వరండాలో కూర్చున్నవాళ్ళంతా లేచి ఆఖరి గ్రీన్ చుట్టూ నిలబడ్డారు. బావ పిండి చొక్కాతోనే వచ్చాడు. భర్త కూడా వచ్చాడు, చేతులు కట్టుకుని, అర్థమైనట్టు ముఖం పెట్టి.

పద్దెనిమిది కూడా ఆ ఆరింటిలోదే, ఆఖరిది. అక్క బంతి అయిదో దెబ్బకి గుంట అంచుకి వచ్చి ఆగింది. "ఇచ్చేశాను," అంది చిన్నమ్మాయి. ఆరు. తన బంతి నాలుగు దెబ్బల్లో వచ్చి గుంటకి మూరెడు దూరంలో ఉంది. వేస్తే అయిదు. అయిదు, ఆరు. హోల్ తనది, ఆట తనది, కప్పు తనది.

అక్కకి షాట్ ఉంటే, ఆరు అయిదయ్యేది. సమానం.

చిన్నమ్మాయి బంతి మీదికి వంగింది. పట్టర్ బంతి వెనక పెట్టింది. మూరెడు. కళ్ళు మూసుకుని వెయ్యొచ్చు. చేతులు కదల్లేదు.

ఈసారి ఇవ్వడానికి దారి లేదు. అక్క చివరి దెబ్బ ఇచ్చినా ఆరే అయింది. హోల్ మొత్తం ఇచ్చేస్తే అది షాట్‌కంటే ఎక్కువ, కప్పే ఇచ్చేసినట్టు. కావాలని గురి తప్పిస్తే? ఛీ! అక్క కళ్ళు కప్పడం ఎవరి తరం? జన్మలో క్షమించదు, క్షమించకూడదు కూడా. ఇంక మిగిలింది వెయ్యడమే. వేస్తే కప్పొస్తుంది, కప్పుతో పాటు ఆ మాటా వస్తుంది. 'చెయ్యి విరిగినదాన్ని, షాట్లు తీసుకోనిదాన్ని...'

చిన్నమ్మాయి నడుం ఎత్తింది. పట్టర్ చంకలో పెట్టుకుంది.

"అక్కా, ఇక్కడ నీకో షాట్ ఉంది."

"లేదు. పది చెప్పాను."

"ఉంది. ఇది నేను ఇవ్వలేను. నువ్వే అడగాలి."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారు ముందుకొచ్చారు. "ఇద్దరూ ఒప్పుకుంటే హోల్ సమానం అనుకోవచ్చు. దానికి రూలుంది. ఇద్దరూ ఒప్పుకోవాలి మరి."

"వెయ్యవే," అంది అక్క. "వేసి గెలువు. ఎందుకిలా పీడిస్తావ్?"

"నేను అడగలేదా?" అంది చిన్నమ్మాయి. ఇంత గట్టిగా అనాలనుకోలేదు, అయినా అనేసింది. "ప్రతి ఆదివారం అడగలేదా? అదిగో, ఆ మొదటి హోల్ దగ్గర, ఇలాగే అందరూ చూస్తుంటే! నువ్వు వేళ్ళు చూపించేదానివి. నేను తీసుకునేదాన్ని. నాకేమైనా సరదా అనుకున్నావా? నువ్వు ఒక్కసారి అడగలేవా?"

బావ నేల చూపులు చూస్తున్నాడు. ముందెప్పుడూ చెల్లెలు అలా అరవడం అక్క వినలేదు. చెల్లెలి బంతిని చూసింది, చెల్లెల్ని చూసింది. తర్వాత కుడి చొక్కా చేతిని ఎడమ చేత్తో మెల్లగా పైకి మడిచింది. చెమటకి తడిసి నల్లబడ్డ పట్టీ బయటపడింది. ఆ చేతినే, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, భుజం దాకా ఎత్తింది.

ఒక వేలు చూపించింది.

"సమానం," అన్నారు మాస్టారు.

చిన్నమ్మాయి మూరెడు దూరంలో ఉన్న బంతిని, దాంతో రావాల్సిన కప్పునీ, చేత్తో తీసి జేబులో వేసుకుంది.

హోల్స్ అయిపోయినా తేలకపోతే మళ్ళీ మొదటి హోల్‌కి వెళ్ళి ఆడాలి, ఎవరో ఒకరు గెలిచేదాకా. మొదటిది తేలిక హోల్. అక్కడ ఎవరూ ఎవరికీ ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. అక్క తన పొట్టి దెబ్బలతో దొర్లించుకుంటూ నాలుగులో వేసేసింది. చిన్నమ్మాయికి నాలుగులో వెయ్యడానికి మూరెడు దెబ్బ మిగిలింది, పద్దెనిమిదిలో వదిలేసినంతే. వేస్తే మళ్ళీ సమానం. ఈసారి చేతులు కదిలాయి. బంతి గుంట అంచున గిర్రున తిరిగి బయటే ఆగింది.

"అయ్యో!" అన్నాడు భర్త అందరికంటే గట్టిగా. ఆ ఒక్క సంగతి ఆయనకి బాగా అర్థమైంది.

చిన్నమ్మాయికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, తనని తను తిట్టుకుంది. వెర్రిమొహమా, చేతిలోకొచ్చిన కప్పుని వదిలేసుకున్నావు కదే! అక్క కరచాలనానికి ఎడమ చెయ్యి చాపింది. చిన్నమ్మాయి ముఖం తిప్పుకునే చెయ్యి కలిపింది. ఇంక ఆ మాట వస్తుందని చెవులు రిక్కించి నిలబడింది. అలవాటు అలాంటిది.

వరండాలో మాస్టారు కప్పు ఇచ్చారు. కప్పంటే పెద్దదేం కాదు, పాలు కాచుకునే గిన్నెంత ఉంటుంది, ఒక చెవి వంకరపోయింది. చప్పట్లు కొట్టారు. నర్సు ఒకామె, "చేతికి అంత దెబ్బ తగిలాక కూడా మీరు మీరేనండీ పెద్దమ్మాయి గారూ! సమానంగా ఆడి గెలిచారు!" అంది.

చిన్నమ్మాయి బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది. తలెత్తలేదు.

"సమానంగా ఆడలేదు," అంది అక్క. "నాకు ఆరు షాట్లు. ఇది ఇచ్చిన షాట్లతో గెలిచాను."

వరండాలో చప్పట్లు ఆగిపోయాయి. చిన్నమ్మాయి చేతిలో లేసు అలాగే ఉండిపోయింది. ఆ మాట అక్క నోట ఎన్నోసార్లు విన్నది. అక్క మీద అక్కే వేసుకుంటే వినడం ఇదే మొదలు. సంతోషించాలి. రెండు రోజులుగా, కాదు, ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసింది ఇలాంటి దానికోసమే కదా. కానీ ఆ ముతక చొక్కాలో, ఒక చేత్తో కప్పు పట్టుకుని నిలబడ్డ మనిషి మీద ఆ మాట పడితే అన్యాయంగా తోచింది. పొద్దుట్నుంచీ ఆ పొట్టి దెబ్బలు ఎవరు కొట్టారు?

అక్క వచ్చి పక్కన కూర్చుంది. కప్పు ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది.

"ఇచ్చినవేంటి," అంది చిన్నమ్మాయి, లేసు వైపు చూస్తూనే. "ఎవరూ ఇవ్వలేదు. అవి నీవే. లెక్క ప్రకారం నీవి."

అక్క గోడ మీద పలకని చూస్తూ కూర్చుంది, తన పేరు వరసగా ఉన్న పలకని.

"అయితే అప్పట్లో నువ్వు గెలిచినవి కూడా నీవేనన్నమాట," అంది.

చిన్నమ్మాయి లేసు విప్పి బూటు లాగి పక్కన పెట్టింది. కప్పు పోయినందుకు మాత్రం కడుపు మండుతూనే ఉంది, ఆ మూరెడు దెబ్బ ఇంకా కళ్ళ ముందే తిరుగుతోంది. వచ్చే ఏడు చూసుకోవాలి, దీన్ని వదలకూడదు.

అక్క సంచీలోంచి నీళ్ళ సీసా తీసింది. మూత మీద వేళ్ళు పెట్టింది. అలవాటు కొద్దీ నోటి దాకా ఎత్తి, ఆగింది. సీసాని దించి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"మూత రావట్లేదు. తియ్యవే," అంది.

చిన్నమ్మాయి మూత తీసి ఇచ్చింది.